తలుపు మీద చోటు

అమ్మకి నలభై నాలుగు.
నెల తప్పితే వయసు మీదపడుతోందనుకుంది.
చేపల వాసనకి కడుపులో తిప్పితే
ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకయిందనుకుంది.
నాలుగో నెలలో గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.
బయటికొచ్చి కారులో కూర్చుని
నవ్విందో ఏడ్చిందో తనకే తెలీదట.
వాన లేకపోయినా వైపర్లు వేసే ఉంచిందట.

మాకు చెప్పింది బుధవారం, బంగాళాదుంపలు ఒలుస్తూ.
జెనోన్ పొయ్యి దగ్గర నిలబడి
వచ్చీరాని మా భాషలో "అవును, అవును" అన్నాడు,
ఎవరూ ఏమీ అడక్కుండానే.
ఓర్రికి పదకొండేళ్ళు. "నా గది ఇవ్వను" అన్నాడు.
నేనేమీ అనలేదు.
నా సొరుగులో దాచుకున్న మాత్రల పట్టీ
నీకే ఇచ్చి ఉండాల్సిందమ్మా అని
ఒక పాపిష్టి జోకు నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

మా ఊరంతా కలిపి రెండు వందల మంది.
కబుర్లన్నీ ఈతకొలను పక్కన వేడినీళ్ళ తొట్టిలో ఉడుకుతాయి.
గొంతుదాకా మునిగి, జుట్టు మీద మంచు రాలుతుంటే
ఆడవాళ్ళు వేళ్ళు మడిచి లెక్కలు కట్టారు:
ఆ పోలండువాడు ఊళ్ళోకి ఎప్పుడొచ్చాడు,
వాళ్ళింట్లోకి ఎప్పుడొచ్చాడు.
నేను తొట్టిలోకి కాలు పెట్టగానే
లెక్క తప్పేది.

ఇక నాన్న.
దూరంగా ఉంటే బాగుండును, అదే తంటా.
మూడిళ్ళ అవతలే. మంచు తోసే బండి నడుపుతాడు.
విడిపోయి ఐదేళ్ళయినా
ఊరందరికంటే ముందు మా గుమ్మమే తుడిచేవాడు.
కబురు తెలిసిన వారం
వీధి మొదటిదాకా వచ్చి బండి వెనక్కి తిప్పాడు.
జెనోన్ పార పట్టుకుని దిగాడు.
కిటికీలోంచి చూశాను.
గాలికి ఎదురు నిలబడి విసురుతున్నాడు,
తవ్విందంతా తన మొహం మీదకే.
నవ్వొచ్చింది. అతన్ని చూసి నవ్వడం అదే మొదలు.

ఫిబ్రవరిలో, ఇంకా మూడు వారాలుండగా,
అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి.
తుఫాను. దారి మూసేశారు. హెలికాప్టరు లేవదన్నారు.
జెనోన్ ఫోను చేతిలో పట్టుకుని
తన భాషలో తన దేవుణ్ణి పిలుస్తున్నాడు.
అమ్మ నా మణికట్టు నొక్కిపట్టి
"టోర్ఫిని లేపు" అంది.
ఐదేళ్ళకి ఆ ఇంట్లో వినబడింది నాన్న పేరు.

పైజమా మీద కోటు తొడుక్కుని వచ్చాడు.
ఎవరి మొహమూ చూడలేదు.
"నా వెనకే రండి. నారింజ దీపం కనబడకపోతే ఆగిపోండి."

అలా బయల్దేరాం.
ముందు నాన్న, వెనక జెనోన్,
ఇద్దరి మధ్యా ముప్పై అడుగుల తెలుపు.
ముందు తిరిగే దీపం
అమ్మ పొట్టని వెలిగిస్తోంది, ఆర్పేస్తోంది, వెలిగిస్తోంది.
కొండ కింది సొరంగంలో దారి ఒంటిబండికే,
ఎవరో ఒకరు పక్కకి తప్పుకోవాలి.
నాన్నకి తప్పుకోవడం చేతకాదని
అమ్మ ఎన్నిసార్లు అరిచిందో.
ఇసాఫ్యోర్దుర్ ఆసుపత్రి గేటు దగ్గర
బండి పక్కకి లాగి దారిచ్చాడు.
లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించి
వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఐస్‌లాండులో ఇంటిపేర్లు ఉండవు, చాలామందికి.
నేను టోర్ఫి కూతుర్ని, ఓర్రి టోర్ఫి కొడుకు,
అమ్మ, ఎప్పుడో పోయిన గ్రీముర్ కూతురు.
చెల్లి జెనోన్ కూతురు.
తలుపు మీది ఇత్తడి పలకలో చోటు చాల్లేదు.
ఓర్రి మార్కరు తెచ్చి పలక కింద చెక్క మీదే రాశాడు.
పేరింకా పెట్టలేదు కదరా అంటే
ముందు కాస్త ఖాళీ వదిలాడు.
గది మాత్రం ఇంకా ఇవ్వలేదు.

నిన్న మధ్యాహ్నం పాపని తోపుడుబండిలో
గుమ్మం బయట పడుకోబెట్టాం. ఇక్కడ అందరూ అంతే,
చలిలో పిల్లలు బాగా నిద్రపోతారు.
వీధి మొదట్లో మంచుబండి మోత వినబడింది,
ఆగిపోయింది.
మళ్ళీ వెనక్కేనేమో అనుకున్నా.
నాన్న దిగి, పార తీసుకుని,
చేత్తోనే తవ్వుకుంటూ వస్తున్నాడు,
చప్పుడు కాకుండా.
గుమ్మంలో నిలబడి జెనోన్ చూస్తున్నాడు,
గాలికి ఎటు నిలబడాలో.