కొలతల పుస్తకం

కార్పొరేషన్ ఆఫీసులో
కాగితానికి పెట్టాలన్నారు, పెట్టాను.
కిటికీలోంచి అడిగాడు, పోయినాయన పేరేంటని.
దేవసహాయం.
ఇన్నేళ్ళలో నా నోటితో
గట్టిగా అనడం అదే మొదలు.
వినపడలేదమ్మా, మళ్ళీ చెప్పు అన్నాడు.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక
లాలాపేట షాపు షట్టరెత్తాను.
లారీల మిరప ఘాటు నాతోపాటే లోపలికొచ్చింది.
నీ మిషన్ పాదం కింద
సగం కుట్టిన జాకెట్టు చెయ్యి,
సూది ఇంకా గుడ్డలోనే.

పదకొండు జాకెట్టు ముక్కలు.
ఎవరివి వాళ్ళకిచ్చెయ్యాలి,
ఆ మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.
బ్రాడీపేట నాలుగో లైను టీచరమ్మ
అడ్వాన్సు వద్దంది, నేను ఉంచుకోనన్నాను.
గుమ్మంలో కాసేపు పోట్లాడుకున్నాం,
బాగుంది, ఒకరితో పోట్లాడటం.

రాత్రి నీ కొలతల పుస్తకం తిరగేశాను.
చివరి పేజీలో, పేరుండాల్సిన చోట
"ఇంట్లో" అని.
నడుము ముప్పై. కొట్టేసి ముప్పైరెండు.
కొట్టేసి ముప్పైనాలుగున్నర.
ఎప్పుడు కొలిచావయ్యా?
టేపు తగిలిన గుర్తే లేదు నాకు.

పది ఇచ్చేశాను.
పదకొండోది రావాలంటే
చక్రం తిప్పి సూది లేపాలి.
చెయ్యి వేశాను.
నువ్వు పట్టిపట్టి అరిగిన చోటు
నా చేతికి లూజు.