అతుకు చీటీ

ఎజిస్తో బర్దాజ్జి పోయిన మూడోవారం
ఆస్తుల జాబితా రాసుకు రమ్మని నోటరీగారు పంపితే
బిసెంజియో ఏటిగట్టున ఆ ఇంటికి వెళ్ళాను.
ఆరోజు ఏరు ఊదారంగు.
ప్రాతోలో అద్దకంవాళ్ళు ఏ రంగు ఉడికిస్తే
ఆ పూటకి ఏటిదీ ఆ రంగే.

మగ్గం ఒకటి, మోటారు కాలిపోయింది.
కుర్చీలు నాలుగు.
తూకం రాళ్ళు, అరకిలోది లేదు.
గుండీల డబ్బా.
డబ్బా అడుగున, ఎనిమిది మడతల్లో
ఒక ప్రామిసరీ నోటు.

ముప్ఫై ఏళ్ళుగా నా తిండి ఆ కాగితాలే.
గడువు దాటిందా, తలుపు తట్టడం,
ఇస్తారా ఇవ్వరా అని అడగడం,
ఇవ్వలేనన్న మాటని స్టాంపు కాగితం మీదకి దించడం.
పక్షం తిరక్కుండా ఆ పేరు
వాణిజ్యమండలి పత్రికలో అచ్చవుతుంది.
నేను వస్తుంటే వీధిలో కిటికీ రెక్కలు మూసుకునేవి.
కాఫీ కొట్లో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.
ఈ నోటు మాత్రం ఎన్నడూ నా చేతికి రాలేదు.

ముందువైపు మామూలు ముక్కే:
యాభై ఎనిమిది మార్చి ముప్ఫై ఒకటో తేదీకి
నలభైవేల లీరాలు చెల్లించగలవాడను.
కింద ఎజిస్తో సంతకం,
పడుగులో పోగంత బిగువుగా.

వెనక్కి తిప్పాను.

మగ్గం అమ్మిన క్వెర్చి సంతకం పెట్టి కండెలవాడికి,
కండెలవాడు అద్దకం మేస్త్రీకి,
మేస్త్రీ బొగ్గుల కొట్టుకి,
అక్కణ్ణించి గుర్రపు నాడాలవాడికి, పేలికల టోకు వర్తకుడికి.
మందులషాపు మన్యోల్ఫి ఒక్కడే
"నా పూచీ లేకుండా" అని చీమతలంత అక్షరాల్లో రాసుకున్నాడు.
ఇక చోటు చాలక
బంకతో అంటించిన అతుకు చీటీ.
దాని మీద మళ్ళీ అయిదు పేర్లు.
ముందువాడు ఎగ్గొడితే నన్ను పట్టుకోండని
వరసగా చాచిన మెడలు.

బొగ్గుల కొట్టు దగ్గర నా వేలు ఆగిపోయింది.
ఆ వంకర 'ఆర్' మా నాన్నది.
"పరాయివాడి కాగితం మీద వేలు పెట్టకురా,
నోటి మాటైతే గాలికి పోతుంది,
నోటు మాట ఇంటికొస్తుంది" అని
ప్రతి ఆదివారం సూపు చల్లారేదాకా చెప్పిన మనిషి.
పెట్టాడు.
ఇంటిపేరుతో సహా. తేదీ కూడా వేసి.

చీటీ మీద ఆఖరి వరస
ఫ్లోరెన్సు కంబళ్ళ వ్యాపారిది:
ఎజిస్తో బర్దాజ్జి గారికి చెల్లించవలెను.

మళ్ళీ చదివాను. అవే అక్షరాలు.

ఫోస్కా పళ్ళు కనపడకుండా నవ్వింది.
"అరవై కంబళ్ళు నేసి పంపితే
డబ్బుకి బదులు ఆయన సంతకమే
ఆయన చేతిలో పెట్టారు.
గడువుకింకా ఆరు రోజులు.
ఆ రాత్రి రొట్టె ముట్టలేదు."

చట్టం నాకు తెలుసు కదా, చెప్పాను:
గడువులోగా మళ్ళీ సంతకం చేసి
నూలు కొట్లో ఇచ్చేసుకోవచ్చునే,
కాగితం ఇంకా బతికే ఉంది.

"తెలుసు. తీసుకుని బయల్దేరాడు.
గడియారం వీధి దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.
ఏమని అడిగితే చలిగా ఉందన్నాడు.
నూలు మా అక్క దగ్గర చేబదులు తెచ్చి కొన్నాం."

జాబితాలో 'విలువ' అన్న గడి దగ్గర
నా కలం సిరా ఆరిపోయేదాకా ఆగింది.
అప్పు తీర్చినవాడూ తీసుకున్నవాడూ ఒకడే అయ్యాక
మిగిలిందాన్ని ఏ పద్దులో వెయ్యాలో
మా ఆఫీసు పుస్తకాల్లో లేదు.

ఫోస్కా ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుంది.
నలభై ఏళ్ళు పేలికలు ఏరిన బొటనవేలూ చూపుడువేలూ
దాన్ని ఒక మూల పట్టి నలిపి చూశాయి.
"ఇందులో ఉన్ని లేదు" అంది,
మడిచి డబ్బాలో వేసి మూత నొక్కింది.

నేను రాసుకున్నాను:
గుండీల డబ్బా, ఒకటి.