పదివేలలో నాలుగు

ల్యాబులో పదకొండు కంప్యూటర్లు,
ఏడు వెలుగుతాయి.
ఒక్కో తెర ముందు ఐదేసి తలలు,
కొబ్బరినూనె వాసన, మౌస్ కోసం మోచేతుల తగువు.

తెరమీద నేలలోంచి ఎర్ర గీతలు లేస్తున్నాయి.
తాగిన ఎండని భూమి తిరిగి వదిలే వేడి అది, అన్నాను.
నత్రజని పట్టించుకోదు. ఆక్సిజన్ తల తిప్పదు.
కార్బన్ డయాక్సైడ్ మాత్రం
గీత తగలగానే
నడుం దగ్గర వంగి, లేచి, వంగి,
పట్టుకున్నదాన్ని ఎటో ఒకటువైపు విసిరేస్తుంది.
కొంత పైకి.
కొంత మళ్ళీ మన మీదికే.

"దీనికి పూనకమొచ్చింది టీచర్!"
సైదులు అరిచాడు.
పన్నెండేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను,
నాకీ మాట తట్టలేదు.

వద్దంటున్నా స్లైడర్ని చివరిదాకా లాగేశారు.
తెరలోని ఊరు ఎర్రబడింది. ఆట ఓడినట్టు కేకలు.
మళ్ళీ మొదలెట్టే బటన్ ఉంది కదా, నొక్కారు.
ఆ బటన్ గురించి ఏదో అందామనుకుని
ఊరుకున్నాను.

దీవెన వేళ్ళు మడిచి లెక్క చూసింది:
"పదివేలకి నాలుగే కదా టీచర్.
నాలుగు ఏం చేస్తాయి?"

గ్రాఫు తెరిచేలోగా కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆగాయి.
పొద్దుట్నించీ దాచుకున్నదంతా
రేకుల కప్పు మా నెత్తిన దించడం మొదలెట్టింది.

అప్పుడు వెనకబెంచీ నుంచి కోటిరత్నం,
హాజరుకి తప్ప నోరు విప్పని పిల్ల:
"మా అమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసుద్ది.
ఇంటికొచ్చి చీర దులిపితే
ఏం కనపడదు టీచర్.
రాలేది చిటికెడు కూడా ఉండదు.
మేమేగాదు,
గోడవతల మామ్మ కూడా దగ్గుద్ది."

ఎవరూ నవ్వలేదు.
సగం గదికి ఆ చీర తెలుసు.
బయట ఏటుకూరు రోడ్డు మీద
టిక్కీల లారీ ఒకటి మూలుగుతూ పోయింది,
వెనకాలే దాని ఘాటు.
మొదట తుమ్మింది దీవెనే.

కరెంటొచ్చాక
ఎవరూ చెప్పకుండానే స్లైడర్ ఎడమకి జరిపారు.
నాలుగు మూడున్నరైంది, మూడైంది.
వేడి చూపించే ముల్లు కదల్లేదు.
"హ్యాంగైంది టీచర్" అని మౌస్‌ని బల్లకేసి కొట్టాడు సైదులు.

హ్యాంగవలేదురా.
అది దిగడం అంతే.
చెయ్యి తియ్యకుండా చూస్తూ ఉండు.