ముక్కులో సీసం

సునాబెడలో జూలై అంటే పుట్టీ ఆరదు.
కిటికీ తీస్తే మబ్బు లోపలికొచ్చి బల్లమీద కూర్చుంటుంది.
హీటరు ముందు ఒక రెక్క, రెక్క పక్కన నా పళ్ళసెట్టు.

మొదట టైపు డెబ్బయ్యేడు చేశాను. సన్నటి వీపు.
తుపాకి కడుపులో లేదు, తర్వాతెప్పుడో
పొట్టకింద సంచిలా కట్టారు.
తొంభయ్యారుకి వీపు లేచింది.
బిస్‌కైతే ఎద్దు మూపురమే.
దొరికిన పెట్టెలన్నీ బిస్‌లు. పాతవి కావాలంటే
మూపురం గీకి గీకి వయసు తగ్గించాలి.
రెండు రోజులు బూడిదరంగు తుమ్ములు.
"నాకూ కాస్త గీకకూడదా" అంటుంది సుగుణవల్లి, నడుం పట్టుకుని.

అసలు విమానానికి ఇంజను వెనకే ఉన్నా చక్కగా నిలబడుతుంది.
బొమ్మకి ఇంజనే లేదు, అయినా తోకమీద కూలబడుతుంది.
అందుకని ముక్కులో సీసం.
కొలాబ్‌లో వలలేసే సుక్రు ఖిలో ఇచ్చాడు గుళ్ళు,
ఒక్కో విమానానికి తొమ్మిది.

ముప్పయ్యొక్క ఏళ్ళు నేను చూసింది ఆ వెనకభాగమే.
చీకటిగదిలో, ఊదా దీపం కింద,
టర్బైను రెక్కమీద పగులుంటే పచ్చగా మెరిసేది.
లేదంటే సంతకం.
టెస్ట్‌బెడ్ గర్జించే రాత్రుళ్ళే
కాలనీలో పసిపిల్లలు హాయిగా పడుకునేవారు.
తర్వాత పెట్టెకి మేకులు కొట్టి, లారీ ఎక్కించి, ఘాట్ దింపి నాసిక్‌కి.
విమానం సంగతి మాకు తెలీదు.

ఒకసారి నా సంతకమున్న ఫోల్డరు అడిగారు.
పేపర్లో పొలం, పొగ, కుర్రాడి ఫోటో.
మూడు వారాలు అన్నం గొంతు దిగలేదు.
చివరికి పక్షి అన్నారు. గద్దట.
ఆ సాయంత్రం త్రినాథ్ పాత్రో సమోసాలు తెప్పించాడు.
నేనూ తిన్నాను. రెండు.

ఇంజను నంబరు నిద్రలో లేపినా చెబుతాను.
తోక నంబరు ఎవరూ చెప్పలేదు.
అందుకే మూడో అరలో ఒక బిస్‌కి
నీటికాగితం అంకెలు అతికించలేదు.
చూసినవాళ్ళు ఇంకా పూర్తికాలేదనుకుంటారు.

మొన్న సెప్టెంబరులో ఆఖరివాటికి
రెండువైపులా నీళ్ళు చిమ్మి సెలవిచ్చారు.
టీవీలో చూశాను.
మా ఇంజను పొగ వదలడం బయటి వెలుతురులో
చూడ్డం అదే మొదలు.

పక్క క్వార్టర్ లిపికకి తొమ్మిదేళ్ళు.
నంబరు లేనిదాన్నే తీసి,
తోకగొట్టంలో కన్నుపెట్టి అడిగింది:
"అజా, ఇంజను ఏదీ?"
అంగుళం లోతే గొట్టం, ఆపైన నల్లరంగు పూశానమ్మా, అన్నాను.
నమ్మలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
"ఉంది. కదుల్తోంది."

ఒక గుండు జిగురు వదిలినట్టుంది.
సరిచెయ్యాలంటే అతుకు దగ్గర కొయ్యాలి.
కోస్తే గీత మిగిలిపోతుంది,
ఎంత అరగదీసినా నా కంటికి కనిపిస్తుంది.

బైసన్ పెట్టె ఇంకా తెరవలేదు.
కాస్త ఎండ రానీ.