తల్లి పలక

పొద్దున్నే మీట నొక్కితే
ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.
మార్కాపూర్ రోడ్డు స్టేషన్లో ఆగకుండా పోయే గూడ్సుబండి
ఇంతకంటే మర్యాదగా అరుస్తుంది.
తెర మాత్రం నల్లగా,
ఇప్పుడే తడిగుడ్డతో తుడిచిన పలకలాగా.

నాలుగు నెలలుగా ఇదే యవ్వారం.
రాత్రి కట్టేస్తే చాలు, తేదీ మర్చిపోయేది.
లేవగానే జనవరి ఒకటి, రెండువేల రెండు.
కొనకనమిట్ల వాళ్ళ భాగపంపిణీ కాగితం మీద
చూసుకోకుండా ఆ తేదీయే అచ్చేసిచ్చా.
అప్పటికి వాటాదార్లలో ఇద్దరు పుట్టనేలేదు.
రిజిస్ట్రారాఫీసు గుమస్తా పగలబడి నవ్వాడు.
నేనూ నవ్వా, ఏం చెయ్యను.

నిన్నయితే మరీ.
ముసలాయన కళ్ళు మూసుకుని హద్దులు చెబుతున్నాడు:
తూర్పు, గాలి వాళ్ళ కందిచేను.
దక్షిణం, బండ్ల డొంక.
పడమర...
ఆరిపోయింది.

ఖాసింపీరా మోపెడ్ మీద వచ్చాడు,
గోతాంలో సామాను, జేబులో గోడలకు రంగులేసే కుంచె.
మూత తీస్తే లోపల కంప్యూటర్ లేదు,
బూడిదరంగు పిండి.
పక్కసందులో పలకల మిల్లు రంపం
పందొమ్మిదేళ్ళు కోసిన కోతంతా
గాలిపంకా పీల్చుకుని దాచిపెట్టింది.
కుంచెతో ఊడ్చాడు, నోటితో ఊదాడు, ఇద్దరం దగ్గాం.
అప్పుడు కనబడ్డారు,
అలిగిన తోడికోడళ్ళలా మూతులుబ్బించుకుని
ఆరుగురు కెపాసిటర్లు వరసగా.
ఒకామె అప్పటికే గోధుమరంగు కన్నీరు కార్చి గట్టిపడింది.

"మదర్ బోర్డు పోయిందక్కా."
టీ తెచ్చిన ఇశ్రాయేలు అడిగాడు, అంటే ఏందని.
"తల్లి పలకరా. మిగతావన్నీ దానిమీద రాసుకున్నయ్యే."
ఈ ఊళ్ళో ఇంకొక మాట చెప్పే పన్లేదు.

కొత్తది కొనమనలేదు, అతనికి తెలుసు.
నా ప్రింటరుకి పాతిక సూదుల ప్లగ్గు,
ఇప్పటి పెట్టెలకి ఆ రంధ్రమే లేదు.
నేను కొట్టిన తెలుగంతా
కొత్త మిషన్లో గుడ్లగూబల భాషై కూస్తుంది.
గోతాంలోంచి తీశాడు అదే వయసుది, అదే రకంది.
తర్లుపాడు రోడ్డులో మూతబడ్డ
పలకల ఎగుమతి కంపెనీదంట. ఎనిమిదొందలు.

తొమ్మిది మరలు. ఎనిమిది వచ్చినయ్.
తొమ్మిదోది తుప్పుపట్టి గంటసేపు ఏడిపించింది.
వెంట్రుకల్లాంటి తీగలు ఏది ఎక్కడిదో
విరిగిన పలకముక్క మీద బలపంతో రాసుకున్నాడు.
కందిగింజంత పేస్టు పూశాడు.
బిగించి, బిస్మిల్లా అని మీట నొక్కాడు.

ఒకటే కూత, పొట్టిది.
తెర వెలిగింది. వెలిగి
పాస్‌వర్డ్ అడిగింది.

ఎవరిదో.
చెన్నకేశవా అని కొట్టా. కాదంది.
కంపెనీ పేరు కొట్టా. కాదంది.
మూడోసారి ఇంకేదో కొట్టి తలుపేయించుకున్నా.
ఖాసింపీరా రూపాయి బిళ్ళంత బ్యాటరీ పీకి అరచేతిలో పెట్టుకున్నాడు.
"పది నిమిషాలాగాలి.
కడుపులో మిగిలిన కరెంటు పోతేగానీ మర్చిపోదు."

ఆ పది నిమిషాలు నేనేం మాట్లాడలా.
పొద్దున తొమ్మిదింటికి క్యారేజీ బల్లకింద పెట్టి
చేతులు చీరకొంగుకి తుడుచుకుని
రోజూ ఆ మాటే కొట్టిన మనిషి ఎవరై ఉంటుంది?
కంపెనీ మూసిన నాడు
తాళంచెవులు అప్పజెప్పమన్నారు గానీ
ఈ మాట అడగాలని ఎవరికీ తోచలేదు.
బిడ్డ పేరో, బాకీవాడి పేరో,
ఉత్త కోపమో.
బ్యాటరీ అతని చేతిలో వెచ్చబడింది.
మళ్ళీ పెట్టమని చెప్పడానికి
నాకెందుకో నోరు రాలేదు.

పెట్టాడు. ఏమీ అడగలా.
తేదీ మాత్రం అడిగింది.
ఈసారి గోడమీది క్యాలెండర్ చూసి,
ఫోన్లో కూడా చూసి, కొట్టా.

పాత బోర్డు ఇశ్రాయేలు పట్టుకున్నాడు.
వెనక్కి తిప్పి బలపంతో తన పేరు గీశాడు.
పడలా.
"ఏం పలకక్కా ఇది" అని పారేయకుండా చంకనబెట్టుకుపోయాడు.

ముసలాయన అరుగుమీద కునుకుతున్నాడు.
లేపా.
"ఎందాకా వచ్చాం తల్లీ?"
"పడమర దాకా."
మళ్ళీ కళ్ళు మూసుకుని, చేను గట్టెంట నడిచి నడిచి,
"పడమర... వాగు రాయి. ఇప్పుడు నీళ్ళు లేవులే,
అయినా వాగనే రాయి."