గిన్నె నిండుగానే ఉంది

మెయిన్ తీరాన డిసెంబరు రాత్రి.
బయట పడవలు మంచు కట్టి
తాళ్ళను గుంజుకుంటున్నాయి.
ఎలుకల గదిలో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే వేడి.
రంపపుపొట్టు మారుస్తాను, నీళ్ళ సీసాలు నింపుతాను,
మిగిలిన మేత తూచి పుస్తకంలో రాస్తాను.
పదకొండేళ్ళుగా ఇదే కొలువు.

చివరి పంజరంలో రెండు ఎలుకలు.
పక్కలు కోసి, చర్మానికి చర్మం కుట్టి కలిపారు.
దీని రక్తం కాస్త కాస్తగా దానిలోకి,
దానిది దీనిలోకి.
ఒకటి పుట్టుకతోనే బొద్దు,
నేల మీద జారవిడిచిన పిండిముద్ద.
రెండోది మామూలుది, చురుకైనది.
మొదటిరోజే నా వేలు కొరికింది.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు,
బక్కదీ లావెక్కుతుందనే అనుకున్నాను.

బొద్దుది తింటూనే ఉంది.
మామూలుది గిన్నె వైపు చూడటం మానేసింది.
మేత మార్చాను. తడిపి వేలితో అందించాను.
మూతి తిప్పుకుంది,
నాలుగోసారి వడ్డించబోతే
విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే చుట్టంలా.
క్రిస్మస్ ముందు రోజు చచ్చిపోయింది.
కడుపులో ఏమీ లేదు.
గిన్నె నిండుగానే ఉంది.

లిన్‌వుడ్, ల్యాబు కుర్రాడు,
వెలిగించని సిగరెట్ నోట్లో పెట్టుకుని చెప్పాడు:
"లావుది అరుస్తోంది ఓడీల్.
దాని కొవ్వే 'చాలు, చాలు' అని అరుస్తోందని మా అనుమానం.
తలలో ఆ మాట వినే చెవి లేదు.
పక్కదానికి ఉంది.
విన్నది, నమ్మింది, పోయింది."

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నా బరువు రెండు వందల అరవై పౌండ్లు.
ఆ అంకె ఏ పుస్తకంలోనూ రాయలేదు.
శనివారం చర్చిలో బీన్స్ భోజనాలకి
గోడవార బల్ల దగ్గర, చిన్న ప్లేటు తీసుకుని కూర్చుంటాను.
"నోరు కట్టుకోవాలి వదినా" అంటుంది క్లోడెట్,
నా ప్లేటు చూసి కాదు, నన్ను చూసి.

కట్టుకున్నాను.
ఒక వేసవంతా క్యాబేజీ నీళ్ళు, పాలు లేని కాఫీ.
నలభై పౌండ్లు తగ్గాను.
తగ్గిన ప్రతి పౌండుకీ ఒంట్లో ఎవరో ప్రోనోటు రాసుకున్నారు.
రాత్రి కలలో ఆలుగడ్డలు ఉడికేవి,
మూత లేచి పడే చప్పుడుకి మెలకువ వచ్చేది.
థాంక్స్ గివింగ్ నాటికి వడ్డీతో సహా వసూలైంది.
డాక్టరు కాగితం మీద రాశాడు: పట్టుదల లేదు.

చాలా ఏళ్ళకి, నేను రిటైరయ్యాక,
ఆ అరుపుకి పేరు పెట్టారు: లెప్టిన్.
గ్రీకులో సన్నం అని అర్థమట.
అది ఒంట్లో లేకుండానే పుట్టిన పిల్లలు కొందరికి
సూదితో ఇస్తే,
సగం తిన్న ప్లేటు వాళ్ళంతట వాళ్ళే పక్కకు నెట్టారట.
పేపర్లో చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
మాలాంటి వాళ్ళకి పెద్దగా పనిచెయ్యలేదు.
మాలో అది కావలసినంత ఉంది.
చెవిటివాడి ముందు శంఖం అంటారు గానీ
శంఖం ఊపిరితిత్తుల సంగతి ఎవరడిగారు?

ఆ క్రిస్మస్ ముందు రాత్రి మాత్రం
బొద్దుది ఇంకా నములుతోంది,
ఒక పక్క చల్లబడిన బరువుని ఈడ్చుకుంటూ.
పంజరం అట్ట మీద ఎవరో పెన్సిల్‌తో
"తిండిపోతు" అని రాసి ఉన్నారు.
ఎప్పటి నుంచో ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను.
రబ్బరు దొరకలేదు.
బొటనవేలు తడి చేసుకుని రుద్దాను.
అక్షరాలు పోయాయి, మరక పోలేదు.