తాళం వేసిన గడి

కాచిగూడలో జిరాక్స్ షాపు మీద రేకుల గది,
రెండు పాత ల్యాప్‌టాప్‌లు, మెడ విరిగిన టేబుల్ ఫ్యాను:
అదే మా ఆఫీసు.
సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టలేదు.
ఎవరో ఎక్కడో రాసి, తీసుకోండని వదిలేసింది,
చలివేంద్రంలో కుండలాగా.
తాగినవాడు పేరు చెప్పక్కర్లేదు,
కుండ అడుగంటితే ఓ చెంబు పోసి పోవాలి. అంతే.

సబీహా నోటుబుక్కులో నాలుగు వందల ఇళ్లు.
మూసీ వారన, మార్చి ఎండలో,
గడప గడపకీ అడిగిన ఒకే ప్రశ్న:
ట్యాంకర్ కోసం ఎంతసేపు నిలబడతారు?
జవాబు నిమిషాల్లో. నీలం పెన్ను.
చెమట చుక్క పడి ఒకచోట ఏడు ఒకటయింది.

పట్టికకీ పటానికీ ముడి వెయ్యాలంటే
పేరూ పేరూ కలవాలి, అక్షరం పొల్లుపోకుండా.
పటంలో గోల్నాక, పట్టికలో గోలునాకా,
సబీహా రాతలో గోల్నాకా.
ఆటోవాడికి మూడూ ఒకటే, ఏదన్నా ఎక్కించుకుంటాడు.
యంత్రం మాత్రం
మూడు ఊళ్లంటుంది, మూడూ తెలియవంటుంది.
ఇంకో పేరు చివర
ఎవరికీ కనపడని ఒక ఖాళీ జాగా.
రెండు రోజులు తిన్నది నన్ను.

మూడో రాత్రి పదకొండింటికి పటం వెలిగింది.
వేలు పెట్టిన చోటల్లా బస్తీ ఉలిక్కిపడి లేచి
తన అంకె చెప్పి పడుకుంటోంది.
లేత పసుపు నుంచి కాలిన ఇటుక దాకా ఐదు రంగులు.
గీత నలభై దగ్గర గీస్తే ఒక గల్లీ ఎర్రబడుతుంది,
నలభై ఐదు దగ్గర గీస్తే
అదే గల్లీ, అవే బిందెలు, చల్లబడుతుంది.
గీత నా చేతిలో ఉందని తెలిసి
ఫ్యాను ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

పొద్దున సబీహా వచ్చింది.
చాయ్ సాసర్లో పోసుకుని
రెండు వేళ్లతో నగరాన్ని విప్పదీసి
తను నడిచిన దారినే వెతుక్కుంటూ పోయింది.
ఒకచోట ఆగింది.
"సున్నపుబట్టి బస్తీ ఇంత తెల్లగుందేంది?"
నొక్కింది.
సగటు: సున్నా నిమిషాలు.

సాసర్ కింద పెట్టింది.
"నేను సున్నా రాయలే భాయ్. ఏమీ రాయలే.
ఆ లైను మొత్తం తాళాలున్నయి.
నీళ్లకే పోయిండ్రు."

కింద జిరాక్స్ మిషను ఎవరిదో ఆధార్ కాపీ తీస్తోంది.
ఖాళీ గళ్ల దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుందని
నేనే, అర్ధరాత్రి, ఒకే ఒక్క లైనులో
ఖాళీ అయితే సున్నా అన్నాను.
ట్యాంకర్ ఆ సందులోకి తిరగలేదని
ఇరవై మూడు ఇళ్లు మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్తే,
వాళ్లు లేని ఆ గంటలో
వాళ్లకే కష్టమూ లేదని
నగరంలోకెల్లా లేత రంగు పూశాను.

ఆ లైను తీసేశాను.
రంగుల పట్టీ కింద ఆరో గడి చేర్చాను, బూడిద చారలతో.
దాని పక్కన ఏమని రాయాలో తోచక
మొదట 'సమాచారం లేదు' అని రాశాను.
సబీహా భుజం మీంచి చదివి నాలుక చప్పరించింది.
చెరిపి, తను చెప్పినట్టే రాశాను:
'అడగబోతే ఇంటికి తాళం.'

ఆ కుండ పెట్టినవాళ్లకీ ఒక ముక్క రాసి పంపాను,
వాడే పద్ధతి చెప్పే పేజీ కోసం:
ఖాళీని సున్నా చేసే ముందు
తలుపు ఎందుకు మూసి ఉందో కనుక్కోండి.
ఎవరో ఒప్పుకున్నారు, రెండు వారాలకి.
ఏ దేశమో తెలీదు.

సబీహా మళ్లీ పోతానంది,
ఈసారి రాత్రి తొమ్మిది దాటాక,
బిందెలు దించి జనం గడపల మీద కూలబడే వేళకి.
ఆ సందులో లైటు లేదట.
ఈ పటం కోసం మేం కొన్నదల్లా
టార్చిలోకి రెండు సెల్లులు.